పక్కింటి కుక్కర్ చప్పుడు

కుక్కర్ రెండో కూత వేయగానే త్రినాథ్ వంటింట్లోకి వచ్చి పొయ్యి ఆపేశాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. నోటి మీద వేలు పెట్టుకుని, భార్యను ఒక చూపు చూసి, వచ్చినంత వేగంగా హాల్లోకి వెళ్లిపోయాడు.

వసుంధర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కందిపప్పుకు మూడు కూతలు. రెండింటికే దించితే పప్పు పలుకు మీద ఉంటుంది, ఎంత మెదిపినా తాలింపుతో కలవదు. బాపట్లలో గౌన్లు తొడుక్కునే రోజుల నుంచీ ఆమెకు తెలిసిన సంగతి అది.

మీటింగ్ అయ్యాక మాటలు మొదలయ్యాయి.

"పదింటికి క్లయింట్ కాల్ ఉందని పొద్దున్నే చెప్పానా, లేదా?"

"చెప్పారు. పన్నెండింటికల్లా భోజనం కావాలని కూడా చెప్పారు."

"కార్క్ ఆఫీసు నుంచి మా మేనేజర్ ఏటన్నాడో తెలుసా? మీ ఇంటి పక్కన రైల్వే స్టేషన్ ఉందా అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఏటి చెప్పమంటావు నన్ను?"

"ఉందని చెప్పాల్సింది. మన క్లాండాల్కిన్‌లో స్టేషన్ ఉందిగా."

"నీకు ఎటకారంగా ఉంది. ఆ కూత ఆపే మార్గమే లేదా?"

"ఉంది. మీరు పైన ఆ చిన్న బాక్స్ రూంలో కూర్చోవచ్చు."

"అక్కడ వైఫై రాదు."

"ఇక్కడ కూత వస్తుంది."

స్కూళ్లు మూసేసి ఇంట్లోనే పాఠాలు వింటున్న పద్నాలుగేళ్ల చరిత మెట్ల మీద నుంచి తొంగి చూసింది. తెలుగు అంతా అర్థమవుతుంది ఆ పిల్లకు, జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది. "గైస్, దేర్స్ అ టిన్ ఆఫ్ లెంటిల్స్ ఇన్ ద ప్రెస్. ఇట్స్ గ్రాండ్."

ప్రెస్ అంటే ఇక్కడివాళ్ల మాటలో వంటింటి అలమర. టిన్నులో పప్పు అన్నమాట వినగానే అప్పటిదాకా పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక పక్షమైపోయి కూతురి మీద పడ్డారు. ఆ రోజుకు తగవు అలా చల్లారింది. పప్పు మాత్రం పలుకు మీదే ఉంది.

అది కోవిడ్ రెండో జనవరి. క్రిస్మస్‌కు కాస్త సడలించిన దేశం పండగ వెళ్లగానే మళ్లీ తలుపులు బిగించుకుంది. ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. ఇల్లే ఆఫీసు, ఇల్లే బడి. ఇల్లు ఇల్లుగా మిగిలింది ఒక్క వసుంధరకే. రోజంతా ఇంట్లో ఉండే ఆడదానికి గోడ అవతలి చప్పుళ్లు కూడా సొంత చప్పుళ్లయిపోతాయి. వాళ్లది జంట ఇళ్లలో ఒకటి. రెండు వంటిళ్లకూ మధ్య ఒకే గోడ. ఆ గోడకు అవతల జుసారా, ఆమె భర్త వాల్దీర్ ఉండేవారు. ఇద్దరూ బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్లు. ఊరి బయట ఉన్న మాంసం ఫ్యాక్టరీలో పని.

జుసారాతో స్నేహం కుదిరింది కూడా కుక్కర్ వల్లనే. కిందటేడు వేసవిలో ఒక సాయంత్రం గోడ అవతల నుంచి ఉస్స్ మని ఆవిరి చప్పుడు మొదలైంది. ఎంతసేపైనా కూత రాదు, చప్పుడు ఆగదు. కూత వేయకుండా బుసకొట్టే కుక్కర్ అంటే తెలుగింటి ఆడదానికి ఒకటే అర్థం: వెయిట్ కన్నంలో పప్పు అడ్డుపడింది, ఇంకాసేపట్లో పేలుతుంది. పుట్టింటి పక్కవాళ్ల వంటింటి కప్పుకు పెసరపప్పు ఏళ్ల తరబడి అంటుకుని ఉండటం కళ్లారా చూసిన మనిషి వసుంధర. పరుగున వెళ్లి తలుపు దబదబా బాది, రెండు మీటర్లు వెనక్కి జరిగి, "ఆపెయ్యండి, ఆపెయ్యండి" అని కేకలు పెట్టింది. తలుపు తీసిన జుసారాకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వాపుకోలేక గడప మీదే కూలబడింది. వాళ్ల కుక్కర్లు కూత వేయవట. పైన వెయిట్ గిర్రున తిరుగుతూ బుసకొడుతూనే ఉంటుందట. అందులో నల్ల చిక్కుడుగింజలు ఉడుకుతాయి. వాటిని ఫెజావ్ అంటారు. అన్నంలోకి రోజూ అదే.

"మరి ఉడికిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది వసుంధర.

"వాసన," అంది జుసారా ముక్కు చూపిస్తూ.

వాసన చూసి దించే వంట వసుంధర మనసుకు పట్టలేదు. అయినా అన్నంలోకి పప్పు తినే జాతి ఇంకొకటి గోడ అవతలే ఉన్నందుకు సంతోషించింది. అప్పటి నుంచి జుసారాకు ఆమె 'దోనా వసు' అయింది. దోనా అంటే అమ్మగారు అన్నట్టు.

ఆ రోడ్డులో బ్రెజిల్ వాళ్లు ఏటేటా పెరుగుతూ వచ్చారు. వాళ్ల వెనకే కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ కూడా మెల్లగా మారుతూ రావడం వసుంధర గమనించింది. ముందు లైబ్రరీ గుమ్మంలో పోర్చుగీసులో స్వాగతం అన్న మాట వచ్చింది. తర్వాత పిల్లల పార్కు బోర్డు మీద ఆ భాష చేరింది. ఈ జనవరిలో ఇంటింటికీ వేసిన సహాయం కాగితం మీద కూడా ఉంది: మందులు కావాలన్నా, సరుకులు కావాలన్నా, ఒంటరిగా ఉండి భయం వేసినా ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన కాగితమని చూస్తేనే తెలిసింది. వసుంధర దాన్ని మడిచి, పిజ్జా షాపు కాగితాలతో పాటు ప్రెస్ తలుపుకు గుచ్చి ఊరుకుంది.

ఆ నెల మధ్యలో గోడ అవతల బుస ఆగిపోయింది.

మొదటి రోజు పనికి పోయి అలసిపోయారేమో అనుకుంది. మర్నాడూ లేదు. వేకువనే వాళ్లను ఎక్కించుకుపోయే వ్యాను వచ్చి, హారన్ కొట్టి, ఖాళీగా వెళ్లిపోయింది. చెత్తడబ్బా రోడ్డు మీదికి రాలేదు.

"వాళ్లింట్లో కుక్కర్ పెట్టి రెండ్రోజులైంది," అంది త్రినాథ్‌తో.

"మనింటి కూత చాలక పక్కింటి కుక్కర్ కూడా నీ డ్యూటీయేనా? సీఐడీలో చేరిపో."

వసుంధర పెరటి కంచె దగ్గరికి వెళ్లి పిలిచింది. చాలాసేపటికి పైకిటికీ కొద్దిగా తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని, చెదిరిన జుట్టుతో జుసారా. మాట కన్నా ముందు దగ్గు వచ్చింది.

"దోనా వసు, ఎవరికీ చెప్పకు."

"డాక్టరుకు ఫోన్ చేశావా?"

"వద్దు. వాల్దీర్‌కు నాకన్నా ఎక్కువగా ఉంది. ఎక్కడ ఫోన్ చేసినా ఇల్లుగలాయనకు తెలుస్తుంది. జబ్బు వచ్చినవాళ్లు ఆ రోజే ఖాళీ చేయాలని ముందే చెప్పాడు. ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన మా కార్డుల గడువు కూడా అయిపోయింది, ఆఫీసులు మూసి ఉన్నాయి. రోడ్డు మీద పడితే ఈ జబ్బుతో ఎక్కడికి పోతాం?"

"కౌన్సిల్ వాళ్లు..."

జుసారా తల అడ్డంగా ఊపింది. వాళ్ల ఊళ్లో మునిసిపాలిటీ వాళ్లు ఇంటికి వచ్చారంటే గోడ పడగొట్టడానికో, జరిమానా వేయడానికో తప్ప వేరే పనికి రారట. ఏ దేశమైనా అదే కదా అంది. వసుంధరకూ అది నిజమే అనిపించింది. బాపట్లలోనూ మునిసిపాలిటీ మనిషి సందులోకి వచ్చాడంటే పంపు కనెక్షన్ కోయడానికే.

అందుకే ఆమెకు పుట్టి పెరిగిన పద్ధతే తోచింది. ఆఫీసు అన్నాక లోపల ఒక తెలిసినవాడు ఉండాలి. వాళ్ల నాన్న కుళాయి వేయించుకోవడానికి కౌన్సిలర్ బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆమె బీకాం సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి బయటికి రావడానికి మేనమామ స్నేహితుడు కావలసి వచ్చాడు. తెలిసినవాళ్లు లేకుండా ఆఫీసు గడప తొక్కడమంటే గొడుగు లేకుండా వానలోకి దిగడమే. ఆమె చెర్రీవుడ్‌లో ఉండే శ్రీధర్‌కు ఫోన్ చేసింది. తెలుగువాళ్ల పండగలన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. అతనికి తెలియని మనిషి ఈ దేశంలో లేడని పేరు.

"కౌన్సిల్లో మనవాళ్లెవరైనా ఉన్నారా శ్రీధర్?"

"ఎందుకు లేరు వదినా! డండాక్‌లో మన జయకర్ ఉన్నాడు, ఆయన భార్యతో పనిచేసే ఆవిడ తమ్ముడు కౌన్సిలే. ఒక్కరోజు టైమివ్వు."

ఆ ఒక్కరోజూ వసుంధర జుసారా గుమ్మం ముందు రసం గిన్నె పెట్టి, తలుపు తట్టి, వెనక్కి వచ్చేస్తూ గడిపింది. గిన్నె లోపలికి పోయింది గానీ కడిగి బయటికి రాలేదు. మర్నాడు పొద్దున గోడ అవతల నుంచి వాల్దీర్ గొంతు వినిపించింది. భాష తెలియకపోయినా ఒక సంగతి తెలిసింది: రెండు మాటలు అని ఆగుతున్నాడు, ఊపిరి తీసుకుని మళ్లీ రెండు మాటలు.

అప్పుడే శ్రీధర్ ఫోన్ వచ్చింది. "సారీ వదినా, ఆ తమ్ముడిది డండాక్ కౌన్సిలట. మీది వేరేనట. ఇంకొకళ్లను ట్రై చేస్తున్నా."

వసుంధర కుర్చీలో కూలబడింది. చరిత ఆమెను, ఫోన్‌ను మార్చి మార్చి చూసింది.

"అమ్మా, హూ ఆర్ యూ లుకింగ్ ఫర్?"

"కౌన్సిల్లో తెలిసినవాళ్ల కోసం."

"వై? ది నంబర్స్ ఆన్ ద ప్రెస్. యూ జస్ట్ రింగ్ దెమ్."

"ఎవరి తరఫున చేస్తున్నానని చెప్పనే? నేనెవరినని చెప్పను?"

"సే హలో," అంది చరిత.

వసుంధర ఆ నంబరు నొక్కి సంగతంతా చెప్పింది. అవతల ఫోన్ ఎత్తినావిడ పేరు ఫిడెల్మా. లైబ్రరీ మూసేశాక అక్కడి ఉద్యోగులను ఈ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారట. మీరెవరు, మీకెవరు తెలుసు, వాళ్ల కాగితాలున్నాయా, ఇవేవీ ఆమె అడగలేదు. ఆమె అడిగినవి రెండే.

"అతను ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నాడా?"

"లేదు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు."

"అయితే అంబులెన్స్ ఇప్పుడే వస్తుంది. అలసిపోయినప్పుడు వాళ్లకు ఏ భాష సులువు?"

"పోర్చుగీసు," అంది వసుంధర. ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఎవరూ ఎవరినీ అలా అడగడం ఆమె వినలేదు.

బ్రెజిల్ వాళ్ల కోసమే కౌన్సిల్ కిందటి శరదృతువులో ఆ దేశానికే చెందిన లూసియానా అనే ఆమెను ఉద్యోగంలోకి తీసుకుంది. లూసియానా వెంటనే వసుంధర ఇచ్చిన జుసారా నంబరుకు ఫోన్ చేసింది. నంబరు కనిపించని ఫోన్ అది. గోడ అవతల అది మోగడం, ఆగడం, మళ్లీ మోగడం వసుంధరకు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. జుసారా ఫోన్ ఆపేసింది.

"నంబరు కనపడకపోతే ఎత్తదు," అని వసుంధర ఫిడెల్మాతో చెప్పింది. "మాలాంటివాళ్లం ఎవరం ఎత్తం. వీసా ఆఫీసో, పోలీసులో అనుకుంటాం."

"ఇది మాకు తట్టనే లేదు," అంది ఫిడెల్మా. "ఏం చేస్తే బాగుంటుందంటారు?"

"వాళ్లు ఫోన్ మాటల కన్నా వాయిస్ మెసేజులే ఎక్కువ వింటారు. రోజంతా గోడ అవతల అవే వినిపిస్తాయి. లూసియానాను ఒకటి మాట్లాడి నాకు పంపమనండి. నేను వినిపిస్తాను."

మెసేజ్ వచ్చింది. బయట సన్నగా వాన. పైకిటికీ తెరుచుకోలేదు. కంచె దగ్గర నుంచి అరిస్తే సగం దారిలోనే గాలి ఎగరేసుకుపోతోంది. వసుంధర ఫోన్‌ను ఇడ్లీపిండి ఫ్రీజర్లో పెట్టే ప్లాస్టిక్ సంచిలో వేసి, దండేనికి ఊతంగా పెట్టే పొడుగు కర్ర చివర కట్టింది. బకెట్ బోర్లించి ఎక్కింది గానీ కర్ర బరువు ఒక్క చేతికి ఆగలేదు. వెనక నుంచి ఎవరో కర్ర పట్టుకున్నారు. చూస్తే త్రినాథ్. ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి.

"మీటింగ్?" అంది.

"స్టేషన్లో రైలొచ్చిందని చెప్పి వచ్చేశాను. పైకెత్తు."

ఫోన్ కిటికీ అద్దం పక్కన నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. వసుంధరకు అందులో ఒక్క ఊరి పేరే అర్థమైంది, అనాపొలిస్. అది జుసారా సొంత ఊరు. ఆ పేరు వినగానే కిటికీ తెర కదిలింది. తక్కింది తర్వాత తెలిసింది. "నాదీ ఆ జిల్లాయే అక్కా," అందట లూసియానా. "ఈ కౌన్సిల్ మీ కాగితాలు అడగదు. కార్డుల గడువు ప్రభుత్వమే పొడిగించింది. ఈ లాక్‌డౌన్ ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని ఎవరూ ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు, అది చట్టం. ఇల్లుగలాయనతో నేను మాట్లాడతాను, మీరు మాట్లాడక్కర్లేదు. ఇప్పుడు కిందికి దిగి తలుపు తీయండి. వాల్దీర్ కోసం మనుషులు వస్తున్నారు."

జుసారా మెసేజ్ మళ్లీ వేయమని చేత్తో సైగ చేసింది. రెండోసారి సగంలోనే కిటికీ దగ్గర నుంచి మాయమైంది. అంబులెన్స్ రోడ్డు మలుపు తిరిగేసరికి వీధి తలుపు తెరిచి ఉంది.

వాల్దీర్‌ను ఆక్సిజన్ మీద పెట్టారు. ఇంకా ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు జుసారాకు ఫోన్లో చెప్పారు. జుసారా ఆ మాట వసుంధరకు చెప్పినప్పుడు వసుంధర తలదించుకుంది. శ్రీధర్ ఫోన్ కోసం ఎదురు చూసిన ఆ ఒక్కరోజు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇల్లుగలాయన ఒకసారి వచ్చి గేటు దగ్గర గొంతు పెంచాడు. జుసారా కిటికీలోంచే లూసియానాకు మెసేజ్ పంపింది. ఆ సాయంత్రం లూసియానా ఆయనకు ఏం చెప్పిందో గానీ, మళ్లీ ఖాళీ చేయమన్న మాట ఎత్తలేదు. పైగా హీటింగ్ బాగా పనిచేస్తోందా అని అడిగాడట.

కౌన్సిల్ వాళ్లు సరుకుల పెట్టె గుమ్మంలో పెట్టి వెళ్లారు. మొదటి పెట్టెలో బంగాళాదుంపలు, ముక్కలు కోసిన రొట్టె, ఓట్స్ ఉన్నాయి. వసుంధర కంచె ఇవతల నుంచి తొంగి చూసి, జబ్బు మనిషికి ఇది సహించదు అనుకుంది గానీ ఉచితంగా ఇచ్చినదానికి పేరు పెట్టడం ఎందుకని ఊరుకుంది. పేరు పెట్టనవసరం కూడా లేకపోయింది. మర్నాడు లూసియానాయే ఫోన్ చేసి అడిగిందట, అందులో మీరు తినలేనివి ఏమిటో మొహమాటం లేకుండా చెప్పండని. తర్వాతి పెట్టెలో బియ్యం, వెల్లుల్లి, నల్ల చిక్కుడుగింజలు వచ్చాయి.

ఆ సాయంత్రం మొదట విన్నది త్రినాథ్. హాల్లో ఎవరితోనో మాట్లాడుతున్నవాడు ఇయర్‌ఫోన్ తీసి, గోడ వైపు చెవి పెట్టి, వంటింట్లోకి వచ్చాడు.

"వసుంధరా. బుసకొడతంది."

ఇద్దరూ గోడ దగ్గర నిలబడి విన్నారు.

వాల్దీర్ ఇంటికొచ్చిన వారంలో ఫిడెల్మా మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నంబరు కనిపించింది. వసుంధర చెప్పిన మాట పైవాళ్ల దాకా వెళ్లిందట. ఇకమీద కౌన్సిల్ సాయం ఫోన్లన్నీ నంబరు కనపడేలా వస్తాయి. బ్రెజిల్ వాళ్లు మెసేజులు పంపడానికి లూసియానాకు విడిగా ఒక నంబరు పెట్టారు. రోజూ ఆమె ఊపిరి సలపనన్ని వస్తున్నాయట. "ఆ నంబరు మీ గోడలోంచి వచ్చింది," అని నవ్వింది. తర్వాత అసలు విషయం అడిగింది. పొద్దున పూట రెండు గంటలు తమతో కలిసి ఫోన్ల దగ్గర కూర్చోగలరా? తెలుగు, హిందీ ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కడా ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పే మనిషి కావాలి.

"దీనికి నేను ఎవరి చేత చెప్పించుకోవాలి?" అని అడిగింది వసుంధర.

ఫిడెల్మాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. వసుంధర రెండోసారి అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, పక్కింటి నుంచి కంచె మీదుగా వచ్చిన ఫెజావ్ గిన్నె. త్రినాథ్ అందులో కాస్త ఆవకాయ కలుపుకుని, బాగుందన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. వసుంధర అందరికీ నెయ్యి వడ్డించి, తన కంచం ముందు కూర్చుని చెప్పింది.

"సోమవారం నుంచి పదింటికి హాల్లో టేబుల్ నాది. కౌన్సిల్ ఫోన్లు మాట్లాడుతున్నాను. ఒప్పుకున్నాను."

"ఫెయిర్ ప్లే, అమ్మా," అంది చరిత, శభాష్ అన్నట్టు.

త్రినాథ్ చేతిలో ముద్ద ఆగింది. "ఎవరు చెప్పారు నీకు, ఎవరి ద్వారా?"

"ఎవరి ద్వారా కాదు. హలో అన్నాను."

"మరి నా క్లయింట్ కాల్?"

"బాక్స్ రూం. వైఫై రావడానికి చరిత అక్కడ ఏదో డబ్బా బిగించింది."

"పప్పో?"

"మీరే పెట్టి పైకి వెళ్లండి. కందిపప్పుకు మూడు కూతలు. రెండింటికే వచ్చి ఆపేస్తే ఫోన్లో ఉన్నా నాకు వినపడుతుంది."

త్రినాథ్ అన్నం కలుపుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"మంట పెద్దదా, చిన్నదా?"